కుక్కకు పండు పెట్టే చెయ్యి

పశువైద్యం చదివి ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. టీ తాగుతూ, "కాలేజీలో చెప్పని సంగతి ఏదైనా ఒకటి చెప్పండి మేడమ్" అంది. అప్పటికప్పుడు నాకేమీ తోచలేదు. వాతావరణం గురించీ ట్రాన్స్‌ఫర్ల గురించీ మాట్లాడి పంపించేశాను. ఆమె గేటు దాటాక తోచింది. కాలేజీలో జబ్బు గురించి చెప్తారు, మందు గురించి చెప్తారు. జంతువును తీసుకొచ్చిన మనిషి దగ్గర నిజం ఎలా తెలుసుకోవాలో చెప్పరు. జంతువు ఎలాగూ చెప్పలేదు. కాబట్టి మన ఉద్యోగంలో సగం మనుషులతోనే.

నేను ఎక్కడెక్కడ పనిచేశానో, ఏ హోదాలో దిగిపోయానో ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. కుక్కలకు పళ్ళు పెట్టడం గురించి మాత్రం రాస్తాను. నవ్వొచ్చే విషయంలా ఉంటుంది కానీ, నా సర్వీసులో మనుషుల గురించి నేను ఎక్కువగా నేర్చుకున్నది ఆ ఒక్క విషయం దగ్గరే.

గేదెల డాక్టరు దగ్గరికి కుక్కలు

నేను చేరిన కొత్తలో అనకాపల్లి చుట్టుపక్కల పశువుల డాక్టరంటే గేదెల డాక్టరే. చెరుకు బళ్ళు లాగే ఎడ్లు, ఈనలేక అవస్థపడే గేదెలు, కడుపుబ్బిన మేకలు. ఆడమనిషి డాక్టరుగా రావడం రైతులకు వింత. నేను పాకలోకి వెళ్తే నా వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని చూసేవారు. "డాక్టరుగారు రానేదేటమ్మా?" అని నన్నే అడిగేవారు. ఒక దూడను బయటికి లాగి, మోచేతుల దాకా కడుక్కున్నాక ఇంక అడిగేవారు కాదు.

కుక్కలు వచ్చేవి కావు. వచ్చినా పిచ్చికుక్క కరిచిందన్నప్పుడే. ఇంట్లో మిగిలిన అన్నం గుమ్మం బయట వేసేవారు, అది తిని కుక్క బతికేది. తరవాత ఊరు పెరిగింది. కుక్క గుమ్మం దాటి లోపలికొచ్చింది, మంచమెక్కింది, పిల్లల ఫోటోల్లోకి వచ్చింది. దానితోపాటు దాని తిండీ మారింది. బిస్కెట్లు మంచివి కావని ఎవరో ఒకరు చెప్తారు. పండు మంచిది కాదని ఎవరు చెప్తారు? ఒంట్లో బాగాలేకపోతే మనం తినేది పండు, దేవుడికి పెట్టేది పండు, ఎవరింటికైనా వెళ్తూ చేత పట్టుకెళ్ళేది పండు. మనకు ఇంత మంచిది కుక్కకు మాత్రం ఎందుకు చెడ్డదవుతుందని అనుకోవడం సహజమే. చాలా పళ్ళ విషయంలో అది నిజం కూడా. తేడా వచ్చేది కొన్నింటితోనే. ఆ కొన్ని తిన్న కుక్కల్నే ఆస్పత్రికి తెస్తారు.

చేతికి దండం, నోటికి కాదు

నాకు మొదటి పై అధికారి సోమేశ్వరరావు గారు. అలాంటి సర్జన్ని నేను మళ్ళీ చూడలేదు. వెలుతురు సరిగా లేని గదిలో, వంగిపోయిన బల్ల మీద, పాతబడ్డ కత్తెరలతో ఆయన కుట్టిన కుట్లు చూసి తీరాలి. కానీ నోరు మంచిది కాదు. జంతువును తెచ్చిన మనిషిని ముందు తిట్టేవారు, తరవాత జంతువును చూసేవారు.

ఒక వేసవిలో ఎస్. రాయవరం వైపు నుంచి భార్యాభర్తలు ఒక కుక్కను బుట్టలో పెట్టుకుని తెచ్చారు. వాంతులు, తిండి ముట్టడం లేదు. సోమేశ్వరరావు గారు, "ఏం పెట్టి చంపుతున్నారయ్యా దీన్ని?" అన్నారు. ఆ మనిషి తల దించుకుని, "ఏటీ ఎట్టలేదండి బాబూ. అన్నవేనండి" అన్నాడు. కడుపులో మంట అనుకుని ఆయన ఇంజక్షన్ చేసి పంపేశారు.

మర్నాడు మళ్ళీ తెచ్చారు. కుక్క కళ్ళు లోపలికి పోయాయి. మగమనిషి లోపల ఉన్నాడు. నేను చేతులు కడుక్కోవడానికి బయట కొళాయి దగ్గరికి వస్తే, ఆవిడ నా వెనకే వచ్చి నెమ్మదిగా అంది: "మావిడి టెంక మింగేసిందమ్మా. రసం పిండేసి టెంక ఇటిసిరితే గాల్లోనే నోటితో అట్టుకుంది. సెప్తే సారు తిడతారని మా ఆయన సెప్పనేదు."

నేను లోపలికి వెళ్ళి చెప్పాను. ఆయన చేతులు కడుక్కుని కడుపు కోశారు. పేగులో అడ్డంగా టెంక. ఇంకాస్త ఆలస్యమైతే ఆ చోట పేగు కుళ్ళిపోయేది. కుక్క బతికింది. ఆ భార్యాభర్తలు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టారు. ఆయన ఆ దణ్ణం చూసి ఇబ్బందిగా పక్కకు జరిగారు.

ఆయన తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకునే మనిషి కాదు. కానీ ఆ తరవాత నుంచి ఎవరైనా జంతువును తెస్తే, కళ్ళజోడు తుడుచుకుంటూ నాతో, "నువ్వెళ్ళి అడుగు. నీకైతే చెప్తారు" అనేవారు. ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. ఆయన చేతికి ఇప్పటికీ దండం పెడతాను. ఆయన నోటి నుంచి మాత్రం ఎలా అడక్కూడదో నేర్చుకున్నాను. కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పాలనుకున్నదీ అదే. "ఏం పెట్టారు" అని అడిగితే "ఏమీ పెట్టలేదు" అనే వస్తుంది. "దానికి ఏమంటే ఇష్టం?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పరు.

జాకీ

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు జరిగింది.

ఒక ఉదయం మునగపాక నుంచి రమణ అనే చెరుకు రైతు, అతని భార్య లక్ష్మి ఆటోలో ఒక కుక్కను తెచ్చారు. లాబ్రడార్ పోలిక ఉన్న పసుపురంగు కుక్క, పేరు జాకీ. వాళ్ళతోపాటు రమణ తండ్రి సన్యాసినాయుడు గారు కూడా వచ్చారు. కొంతకాలం క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తారు. కుడిచెయ్యి సరిగా రాదు, మాట అసలే రాదు. ఈయనను ఎందుకు తెచ్చారని అడిగితే లక్ష్మి, "ఒద్దంటే ఇన్లేదమ్మా. ఆటోకి అడ్డంగా నిలబడిపోయేరు" అంది. ఆయన్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

జాకీని బల్లమీద పెట్టగానే రమణ అన్నాడు: "మందెట్టేరమ్మా దీనికి. ఎవరెట్టేరో కూడా నాకు తెల్సు."

"ఎవరు?"

"మా ఈదిలోనే. నూకరాజు మామ. ఆల చేనూ మా చేనూ పక్కపక్కనే. గట్టు కాడ గొడవయ్యింది మాకు. మొన్న ఇది ఆల చెరుకులోకి ఎల్లిందని రాయట్టుకున్నాడు. పొద్దున్న ఆల ఇంటి ముందర నిలబడి అడిగీసేను. ఇక్కణ్ణించి తిన్నగా పోలీస్ టేషన్‌కే ఎల్తాను."

కోపంలో సగం భయమే ఉంటుంది, దాన్ని నేను చాలాసార్లు చూశాను. "స్టేషన్‌కి సాయంత్రం కూడా వెళ్ళొచ్చు. ముందు కుక్కని చూడనీ" అన్నాను.

పొలాల్లో కొట్టే పురుగుమందు తిన్న కుక్క ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. చొంగ కారుతుంది, కండలు అదురుతాయి, కంటిపాప సూదిమొనంత అయిపోతుంది. జాకీకి అవేవీ లేవు. ఎలకల మందు తిన్న జాడా కనబడలేదు. చిగుళ్ళలో రక్తం లేదు, నోటి దగ్గర ఆ మందు వాసన లేదు. వాంతులు, నీరసం, నడుం దగ్గర నొక్కితే నొప్పి. ముందురోజు సాయంత్రం నుంచి మూత్రం పోయలేదని లక్ష్మి చెప్పింది. పైగా కక్కించాలని రమణ ఉప్పునీళ్ళు పట్టాడు. అది మాత్రం ఎవరూ చెయ్యకండి. ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం.

"కక్కినప్పుడు చూశావా?" అని లక్ష్మిని అడిగాను.

"సూసేనమ్మా. నల్లగా తొక్కల్లాంటియ్యి ఉన్నాయి. కడిగీసేను."

"అదే మందు" అన్నాడు రమణ.

బయట టక్‌మని కర్ర చప్పుడైంది. నాయుడు గారు కర్రతో నేలమీద కొడుతున్నారు. కుడిచేతి వేళ్ళు కష్టంగా దగ్గరికి చేర్చి, ముందుకు చాపి, మళ్ళీ విప్పుతున్నారు. లక్ష్మి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "ఆకలేత్తందేటి మావయ్యా? ఇంటికెల్లగానే ఎడతాను" అంది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ కొట్టారు. ఈసారి గట్టిగా.

నేను జాకీకి సెలైన్ ఎక్కించమని మా అటెండర్‌కు చెప్పి, వెళ్ళి ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. మాట రాని మనిషితో మాట్లాడేటప్పుడు మనం చేసే పొరపాటు ఒకటుంది. ఆయనకు వినబడదన్నట్టు ఆయన ముందే ఆయన గురించి ఇంకొకరితో మాట్లాడతాం. నేను ఆయన్నే అడిగాను.

"నాయుడు గారూ, జాకీ గురించే కదా?"

అవునన్నట్టు తలాడించారు.

"అది ఏదైనా తినడం చూశారా?"

కాదు. ఎడమచేత్తో తన ఛాతీ చూపించుకున్నారు.

"మీరే పెట్టారా?"

అవును.

"అన్నమా? రొట్టెనా? పండా?"

పండు దగ్గర ఆగారు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న సున్న చేసి చూపించారు.

లక్ష్మికి వెలిగింది. "నల్ల ద్రాచ్చపళ్ళేటి మావయ్యా?"

ఆయన కళ్ళు మూసుకుని తలాడించారు.

అప్పుడు లక్ష్మి చెప్పింది. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పళ్ళు తెస్తున్నారు. గుండ్రటి పళ్ళు గొంతుకు అడ్డంపడతాయని ఆయన్ని తినొద్దన్నారు డాక్టర్లు. ఆ సంచులు ఆయన మంచం పక్కన మేకుకే వేలాడుతుంటాయి. మధ్యాహ్నం అందరూ పనిలో ఉన్నప్పుడు ఆయనా జాకీయే ఉంటారు. కుడిచెయ్యి కదపడానికి రబ్బరు బంతి ఇస్తే ఆయన విసిరి అవతల పారేశారట. కానీ ఎవరూ చూడనప్పుడు ఆ చేత్తోనే సంచిలోంచి ఒక్కొక్క ద్రాక్షపండూ తీసి జాకీ నోటికి అందిస్తున్నారని అప్పుడే మాకు తెలిసింది. రోజులో ఆ చెయ్యి చేసే పని అదొక్కటే.

సంచిలో మిగిలినవి

ద్రాక్ష కుక్కకు విషంలాంటిది. తాజా పళ్ళైనా, ఎండబెట్టిన కిస్మిస్ అయినా. అన్ని కుక్కలకూ హాని చెయ్యదు, ఎన్ని తింటే చేస్తుందో కూడా ముందు చెప్పలేం. ఒక కుక్క గుత్తి తిని తోక ఊపుతూ తిరుగుతుంది, ఇంకొకదానికి కొద్దిపాటి పళ్ళకే కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే అసలు పెట్టొద్దంటాం. ద్రాక్షలో ఉండే ఒక ఆమ్లం దీనికి కారణమని ఇప్పుడంటున్నారు. అదే చింతపండులోనూ ఉంది, కాబట్టి పులిహోర కూడా కుక్కకు పెట్టకపోవడం మంచిది.

రమణకు ఇదంతా చెప్పాను. అతను తండ్రి వైపు తిరిగి, "నువ్వే ఎట్టేవా నాన్నా?" అన్నాడు. గట్టిగా అనలేదు. కానీ ఆ ముసలాయన ముఖం చూడలేకపోయాను.

"రమణా, ఈ కుక్కని బతికించే మాట ఇందాకటి నుంచి చెప్తున్నది ఈయనొక్కరే. ఈయన రాకపోతే మనం ఇంకా పురుగుమందు దగ్గరే ఉండేవాళ్ళం" అన్నాను.

అతను ఏదో తట్టినట్టు భార్యను అడిగాడు: "ఆ పళ్ళు ఎవరు తెచ్చేరు?"

లక్ష్మి కొంగు వేలికి చుట్టుకుని, "నూకరాజు మామ. నువ్వు సేలోకెల్లినప్పుడు మావయ్యని సూడ్డానికి వచ్చేడు. నీకు సెప్పొద్దన్నాడు" అంది.

నూకరాజుకూ నాయుడు గారికీ చిన్నప్పటి నుంచీ స్నేహమట. బావా బావా అనుకునే మనుషులు. గట్టు గొడవ కొడుకుతోనే గానీ తండ్రితో లేదు. కానీ రమణకు ఆ క్షణంలో అదేమీ కనబడలేదు. "మరి నాను సెప్పింది ఏటి? మందు కొట్టిన పళ్ళు తెచ్చి ఇంట్లోనే ఎట్టి ఎల్లిపోయేడు" అంటూ బండి తీశాడు. ఆటో వెనకే లక్ష్మి తమ్ముడు తెచ్చిన బండి అది. మునగపాక వెళ్ళి, మిగిలిన ద్రాక్షపళ్ళు సంచీతో సహా పట్టుకొచ్చాడు. పోలీసులకు చూపిస్తానన్నాడు.

ఆ సంచీ నేను తీసుకున్నాను. కొళాయి కింద పళ్ళు కడిగాను. అందరి ముందూ ఒకటి నోట్లో వేసుకున్నాను. తరవాత ఇంకొకటి. తియ్యగా ఉన్నాయి.

కుర్ర డాక్టర్లూ, మీరు ఇలా చెయ్యమని చెప్పడం లేదు. కుక్క ఒంట్లో పురుగుమందు లక్షణం ఒక్కటీ లేదని చూసుకున్నాకే నేను ఆ పని చేశాను. నోటితో చెప్తే రమణ వినే స్థితిలో లేడు.

"ఇవి మంచి పళ్ళు. మీ నాన్నగారి కోసం ఏరి తెచ్చినట్టున్నాడు. మనిషికి మంచివే, కుక్కకు కావు. ఆ సంగతి నూకరాజుకి తెలీదు, మీ నాన్నగారికి తెలీదు, ఇందాకటి దాకా నీకూ తెలీదు" అన్నాను.

లక్ష్మి వచ్చి నా చేతిలోంచి ఒక పండు తీసుకుని తినేసింది. తింటూ మొగుడి వైపే చూసింది. తరవాత రమణ కూడా ఒకటి తీసుకున్నాడు. చాలాసేపు చేతిలో తిప్పి, నోట్లో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం అతను స్టేషన్‌కు వెళ్ళలేదు.

వరండాలో

రక్తపరీక్ష రిపోర్టు బాగాలేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ జబ్బులో మందంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. వాంతులు ఆపాలి, సెలైన్ ఎక్కిస్తూ కిడ్నీలను కడుగుతూ ఉండాలి, మూత్రం వస్తుందా లేదా అని కనిపెట్టుకుని ఉండాలి. వస్తే ఆశ ఉంది. పూర్తిగా ఆగిపోతే మనం చెయ్యగలిగింది చాలా తక్కువ. ఇదంతా దాచకుండా వాళ్ళకు చెప్పాను. దాచడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

మా ఆస్పత్రిలో కుక్కల్ని ఉంచుకునే ఏర్పాటు లేదు. వరండాలో ఒక మూల గోనెసంచి పరిచాం. రమణ పొద్దున్నే జాకీని తెచ్చేవాడు, సెలైన్ సీసా కిటికీ ఊచకు కట్టి పక్కనే కూర్చునేవాడు, పొద్దుగూకాక ఇంటికి తీసుకెళ్ళేవాడు. నాయుడు గారు మళ్ళీ రాలేదు. "మంచం దిగట్లేదమ్మా. గోడవైపు తిరిగి పడుకుంటన్నాడు" అన్నాడు రమణ.

రెండోనాడు గేటు దగ్గర మోపెడ్ ఆపి ఒక పెద్దాయన నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నేనే వెళ్ళాను.

"నాను తెచ్చిన పళ్ళేనా అమ్మా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నూకరాజని.

"మీరు తెచ్చినవే. కానీ మీరు తెచ్చింది మనిషికి" అన్నాను.

"మా బావకి ద్రాచ్చపళ్ళంటే పేణం. తినకూడదన్నారని నాకు తెలీదు. ఆ కుక్క బతుకుద్దా?"

"ఇంకా చెప్పలేను."

మా మాటలు విని రమణ లేచి వచ్చాడు.

"మామా, నిన్న ఈదిలో నోరు జారేను" అన్నాడు రమణ.

"జారేవు. ఆ రోజు నానూ రాయట్టుకున్నాను కదా" అన్నాడు నూకరాజు. "ఎండలో ఎందుకు, లోపలికి పద."

అంతే. నేను ఇంకా పెద్ద సంభాషణ జరుగుతుందనుకున్నాను. గొడవలు పెరిగినంత సేపు సర్దుకోవడానికి పట్టదని ఆ రోజు చూశాను. కావలసింది ఎవరో ఒకరు ముందు ఒక మాట అనడమే.

మర్నాడు నూకరాజు మళ్ళీ వచ్చాడు. మోపెడ్ ఈసారి లోపలికే తెచ్చి వరండా మెట్ల పక్కన పెట్టాడు. జాకీ లేచి నిలబడింది. తూలుతూ మెట్లు దిగింది. సీసా ఎత్తి పట్టుకుని రమణ వెనకే దిగాడు. అది తిన్నగా మోపెడ్ దగ్గరికి వెళ్ళి, వాసన చూసి, వెనక చక్రం మీద కాలెత్తింది. పోస్తూనే ఉంది.

"మామా, నీ బండి" అన్నాడు రమణ.

"ఒగ్గీరా. కడుక్కుంటాను" అన్నాడు నూకరాజు, కదలకుండా.

ఇద్దరూ కరువులో వాన చూస్తున్నట్టు ఆ చక్రాన్నే చూస్తూ నిలబడ్డారు. నా సర్వీసులో సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. వాటిలో ఏదీ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

బొప్పాసి ముక్క

రిపోర్టులు నెమ్మదిగా బాగుపడ్డాయి. జాకీ మజ్జిగన్నం తినడం మొదలుపెట్టింది. వాళ్ళింట్లో అందరూ తేలికపడ్డారు, నాయుడు గారు తప్ప. జాకీ మంచం దగ్గరికి వెళ్తే ఆయన చెయ్యి దుప్పట్లోకి లాక్కుంటున్నారని లక్ష్మి ఫోన్ చేసి చెప్పింది. "ఇంక మావయ్య చేత ఏటీ ఎట్టించొద్దని మా ఆయన గట్టిగా సెప్పేడమ్మా. మంచికే సెప్పేడనుకోండి" అంది.

మనం చేసే పొరపాటు ఇక్కడే అని నా నమ్మకం. వద్దని చెప్పి వచ్చేస్తాం. వద్దన్నదాని చోట ఏం పెట్టుకోవాలో చెప్పం. ఆ మనిషికి ఆ కుక్కకు పండు పెట్టడం కాలక్షేపం కాదు. ఎవరికీ ఏమీ చెయ్యలేకపోతున్న మనిషి, ఇంకొక ప్రాణికి తన చేత్తో పెట్టగలిగింది అదొక్కటే. దాన్ని తీసేసి, మీరు సురక్షితంగా ఉండండి అంటే ఏం లాభం?

గేదెలకు టీకాలు వేసే పని మీద మునగపాక వెళ్ళినరోజు వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో బొప్పాసి చెట్టుంది. ఒక పండు కోయించి, తొక్క తీసి, గింజలన్నీ గీకేసి, చిన్నచిన్న ముక్కలు చేయించాను. గిన్నె తీసుకెళ్ళి ఆయన మంచం మీద పెట్టాను.

"నాయుడు గారూ, ఇది పెట్టొచ్చు. నేను డాక్టర్ని, నేను చెప్తున్నాను. రోజుకు ఈ గిన్నెలో సగం. అంతకన్నా ఎక్కువైతే విరేచనాలవుతాయి."

ఆయన నన్ను చూశారు, రమణను చూశారు. రమణ నా వైపు చూసి, "ఎట్టు నాన్నా" అన్నాడు.

బాగా పండిన బొప్పాసి ముక్క గట్టిగా పట్టుకుంటే చితికిపోతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. మొదటిది చితికింది. రెండోది జారి దుప్పటి మీద పడింది. జాకీ కూర్చునే ఉంది, తొందరపడలేదు. మూడోది ఆయన వేళ్ళ మధ్య నిలబడింది. చెయ్యి వణుకుతూ మంచం అంచు దాకా వచ్చింది. జాకీ మెడ చాచి, పళ్ళు తగలకుండా పెదాలతో అందుకుంది. నాయుడు గారి నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నవ్వు అని లక్ష్మికి ముందు తెలిసింది.

ఆ తరవాత వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి కూడా బంతి పక్కన పెట్టి, ఆ గిన్నెతోనే పని మొదలుపెట్టిందని విన్నాను. కొన్నాళ్ళకు ఆయన చెయ్యి మెరుగుపడింది, ఒకటీ అరా మాట కూడా వచ్చింది. కుక్క వల్లే వచ్చిందని నేననను. మందులున్నాయి, ఆ అమ్మాయి ఓపిక ఉంది, లక్ష్మి చాకిరీ ఉంది. కానీ రోజూ పొద్దున్నే ఆ చెయ్యి కదలడానికి ఒక కారణం ఉండేది.

అందరూ అడిగేది

పళ్ళ గురించి నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు, బజార్లో కూడా ఆపి అడుగుతారు. నేను చెప్పేది పెద్దగా ఏమీ ఉండదు. పండు కుక్కకు తిండి కాదు, తాయిలం. దాని కడుపుకు అన్నమో, మాంసమో, గుడ్డో ఉండాలి. పండు ఆ మీదట ఒకటి రెండు ముక్కలు. అరటిపండు చిన్న ముక్క చాలు, తీపి ఎక్కువ. జామపండు మెత్తటిదైతే ముక్క చేసి పెట్టండి. పుచ్చకాయ ఎర్రటి కండ మాత్రమే, గింజలూ చెక్కూ తీసేసి. ఆపిల్ గింజలున్న నడిమి భాగం పారేసి. మామిడిపండు తొక్కా టెంకా లేకుండా. టెంక చెత్తబుట్టలో వేస్తే ఆ బుట్టకు మూత ఉందో లేదో చూడండి, కుక్కకు మూత తియ్యడం వచ్చు. సీతాఫలం గింజలు కొరికితే ప్రమాదం, కాబట్టి దానికి దూరంగా ఉండటమే మేలు. తోటల్లో జీడిమామిడి పండు కింద పడి ఉంటే, దానికున్న జీడిగింజ నోరు కాల్చేస్తుంది. షుగరున్న కుక్కకు డాక్టర్ని అడక్కుండా ఏ పండూ వద్దు. ద్రాక్ష, కిస్మిస్ ఎప్పుడూ వద్దు. కిస్మిస్ అన్నప్పుడు పాయసం, కేకు కూడా గుర్తుపెట్టుకోండి. పొరపాటున తింటే వాంతులయ్యేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. త్వరగా తీసుకెళ్తే కక్కించడానికి డాక్టర్ల దగ్గర పద్ధతి ఉంది.

ఫోన్లో చూసి నేర్చుకున్నామని కొందరంటారు. చూడండి, తప్పేమీ లేదు. కానీ ఆ జాబితాలు రాసినవాళ్ళకు మన పళ్ళన్నీ తెలియవు, మీ కుక్క అసలే తెలియదు.

పోయిన నెలలో రమణ ఫోన్ చేశాడు. జాకీకి మూతి మీద తెల్లవెంట్రుకలు వచ్చాయట, ఆకలి మాత్రం తగ్గలేదట. "లక్ష్మి సపోటాలు తెచ్చింది మేడమ్. ఇది ఊరుకోట్లేదు. ఎట్టమంటారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అటువైపు వెనక నుంచి ఒక గొంతు వినబడింది. ఒక్కొక్క మాటా వేరువేరుగా, తొందర లేకుండా వచ్చింది.

"గింజ... తీసి... ఎట్టరా."

రమణ నవ్వుతూ, "ఇన్నారా మేడమ్?" అన్నాడు.

"విన్నాను. ఇకనుంచి ఆయన్నే అడుగు" అన్నాను.